ముప్పై ఆరు సాళ్ళు

పోయిన వారం మనం పెరటి కంచె దగ్గర ఆగాం. వీధి వీధంతా ‘స్కేలమ్మ’ అని పిలుచుకునే అత్తగారు, అరవై నాలుగేళ్ళ మనిషి, కంచె పక్క గట్టినేల తవ్వుతుండగా ఎర్రటి టిల్లరు ఉన్నట్టుండి ఎగిరి ముందుకు దూకింది. దాని పిడులు పట్టుకుని ఉన్న ఆవిడ కూడా దాంతోపాటే వెళ్ళి కంచె రాటకు కొట్టుకుంది. మోచెయ్యి దోక్కుపోయింది. “కాలు జారింది, అంతే” అని తేల్చేసింది. లారీ మెకానిక్కు అయిన పెద్దకొడుకు ఆ మాట చెవిన పెట్టలేదు. ఇంజన్లు స్టార్టు కాకుండా ఇంట్లో ఉన్న రెండు టిల్లర్ల ప్లగ్గులూ విప్పి చొక్కా జేబులో వేసుకున్నాడు. “ఆదివారం దాకా ఆగుతాను. ఆ తర్వాత ఈ యంత్రాలు ఈ ఇంట్లో ఉండవు. తోటా ఉండదు” అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం రానే వచ్చింది.

చిన్నకోడలు పొద్దున్నే టేపు పట్టుకుని పెరట్లోకి దిగింది. ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో ఆమెకు ఉద్యోగం. కొలిచి చూస్తే గానీ ఏదీ నమ్మదు. ఆస్పత్రి డ్యూటీకి వెళ్తూ వెళ్తూ భర్త, “అన్నయ్యతో గొడవ పడకు, నెమ్మదిగా చెప్పు” అన్నాడు. నెమ్మదిగా చెప్పాలన్నా గట్టిగా చెప్పాలన్నా చేతిలో ఒక ఆధారం ఉండాలి గదా. కంచె దగ్గర యంత్రం తిప్పుకోవడానికి కావలసినంత చోటుందని అంకెలు వేసి చూపిస్తే బావగారు మెత్తబడతారని ఆమె ఆశ.

టైము కూడా ఎక్కువ లేదు. గురువారం నాడు మొక్కల నర్సరీ నడిపే ఆయన ఫోను చేశాడు. ఫోను ఎత్తింది ఆమే. “ఆదివారం వ్యాను తెస్తున్నానండీ, యంత్రం ఎక్కించుకెళ్తాను. మీ వాళ్ళకి చెప్పండి” అని పెట్టేశాడు. బావగారు అప్పుడే మనిషిని కూడా మాట్లాడేశారా అని ఆమె అనుకుంది. ఆ మాట అత్తగారికి చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

ఆ తోట గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. కంచె పక్క పట్టీ కాక పదిహేను సెంట్ల నేల అది. వెడల్పు యాభై నాలుగు అడుగులు, పొడుగు నూట ఇరవై. అత్తగారు ఇరవై ఎనిమిదేళ్ళు ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేసింది. రోజూ తెల్లారేసరికి వాడిపోయి, వడలిపోయి దిగే కూరగాయల బస్తాలను చూసి చూసి ఆవిడకు మనసు విరిగిపోయింది. “చదువుకునే పిల్లలకి ఇవా పెట్టేది” అని సరుకు దించినవాడితో దెబ్బలాడని రోజు లేదు. ఉద్యోగం దిగిన మర్నాడు పార పట్టింది. ఆ హాస్టల్లో ఆవిడ చేతి అన్నం తిని డిగ్రీ పూర్తిచేసిన పిల్లల్లో ఈ చిన్నకోడలు కూడా ఒకతె. పుట్టింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. పరీక్షల రోజుల్లో అడక్కుండానే ఇంకో గరిటె వడ్డించిన చెయ్యి ఎవరిదో ఆమె ఇప్పటికీ మర్చిపోలేదు.

పారతో మొదలైన తోటకు తర్వాత రెండు చిన్న టిల్లర్లు వచ్చి చేరాయి. పెద్దది ‘ఎర్రది’. చిన్నది ‘బుడ్డది’. ఎర్రది బండలాంటి నేలనైనా పెళ్ళగిస్తుంది. బుడ్డదాన్ని ఒక్క చేత్తో ఎత్తుకుని తిరగొచ్చు. మొక్కలు లేచాక సాళ్ళ మధ్య కలుపు తీయడానికి పనికొస్తుంది. అయినా ఇన్నేళ్ళూ అత్తగారు రెండు పనులూ ఎర్రదానితోనే కానిచ్చింది. బుడ్డదాన్ని మూలమడులకే వాడేది.

సాళ్ళు పెట్టడంలో ఆవిడ పద్ధతి వేరు. మొక్కను చూసి సాలు పెట్టదు, యంత్రాన్ని చూసి పెడుతుంది. యంత్రం ఎంత వెడల్పో అంత, దానికి అటు బెత్తెడు, ఇటు బెత్తెడు, మొక్క నిలబడటానికి ఇంకో బెత్తెడు. అంతకంటే ఎక్కువ వదిలితే కలుపుకు చాప వేసినట్టు. తక్కువ వదిలితే వేర్లు తెగుతాయి. మూడు బెత్తెలు జాన, రెండు జానలు మూర, అంటే అడుగున్నర; అన్నీ ఆవిడ చేతిలోనే ఉన్నాయి, టేపు అక్కర్లేదు. ఎర్రది మూరెడు వెడల్పు కాబట్టి సాలుకూ సాలుకూ మూరన్నర. పోయినేడు చిన్నకోడలు అదే లెక్కన కాయితం మీద గీస్తే ఇరవై నాలుగు సాళ్ళు, అంగుళం మిగల్లేదు, అంగుళం తగ్గలేదు. ఆ కాయితం ఇప్పటికీ వంటింటి గోడమీద ఉంది. వచ్చిన ప్రతివాళ్ళకీ చూపించి, “నేను చేత్తో పెట్టింది మా అమ్మాయి పెన్నుతో పట్టుకుంది” అని మురిసిపోతుంది.

ఇవాళ పొద్దున చిన్నకోడలు లెక్కపెడితే సాళ్ళు ముప్పై ఆరు వచ్చాయి.

మళ్ళీ లెక్కపెట్టింది. ముప్పై ఆరే. టేపు పెట్టి చూస్తే సాలుకూ సాలుకూ మూరెడే ఉంది. విత్తనాలు వేసిన వారం ఆమె ఆఫీసు పనిమీద వేరే ఊళ్ళో ఉంది. తిరిగొచ్చేసరికి మొలకలు లేచాయి. “ఈసారి దగ్గర దగ్గరగా ఉన్నట్టున్నాయి అత్తయ్యా” అంటే, “నీ కళ్ళజోడు మార్పించుకో” అని నవ్వేసింది ఆవిడ. అప్పుడు తనూ నవ్వేసి ఊరుకుంది. ఇప్పుడు నవ్వు రాలేదు. మూరెడు సందులో మూరెడు యంత్రం తిరిగితే రెండు పక్కలా మొక్కలు మిగలవు. ఇన్నేళ్ళలో బెత్తెడు తప్పని మనిషి తొమ్మిది అంగుళాలు ఎలా తప్పింది? బావగారు అన్నట్టే ఆవిడకు చూపు, అంచనా తగ్గుతున్నాయా?

ఎవరూ చూడకముందే టేపు గిర్రున చుట్టేసింది. సాళ్ళ నిండా వేలెడు కలుపు. వారం రోజులుగా యంత్రం కదలకపోతే ఇంకేమవుతుంది? ఇంకో వారం ఇలాగే ఉంటే బెండా, ముల్లంగీ, తోటకూరా దాని కింద ఊపిరాడక పోతాయి. అప్పుడు యంత్రాలు ఇంట్లో ఉన్నా చేయగలిగేది ఉండదు.

“ఏం కొలుస్తున్నావమ్మాయ్, పెరడు అమ్మేస్తున్నామా?”

పెద్దకొడుకు స్కూటరు ఆపి పక్కసందులోంచి వచ్చాడు. ఆదివారమైనా గోళ్ళలో గ్రీజు పోలేదు. నడుస్తుంటే జేబులో రెండు ప్లగ్గులూ టిక్కుటిక్కుమంటున్నాయి.

“అది మీరే చెప్పాలి బావగారూ. మనిషిని కూడా మాట్లాడేశారుగా.”

“ఎవర్ని? నేనింకా ఎవరితోనూ...”

“ఆ సంగతి తర్వాత. ముందు అత్తయ్య చెప్పేది ఒక్కసారి వినండి. వినకుండా తీర్పు చెప్పేస్తే ఎలా?”

“పొద్దున్నే పంచాయితీ పెట్టారా?” అంటూ అత్తగారు వంటింటి మెట్లు దిగింది. టీ గ్లాసు రెండు చేతుల మధ్యా పట్టుకుని ఉంది. మోచేతికి కట్టు. “నాకు చెప్పకుండా పెడితే ఎట్లారా? ముద్దాయిని నేనే గదా. నేను లేకుండా వాయిదా ఎట్లా నడుస్తుంది?”

పెద్దకొడుకు నవ్వలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని తోటంతా ఒకసారి చూశాడు. యంత్రాల మధ్య పెరిగిన కన్ను కాబట్టి సందు చూడగానే పట్టేసింది.

“ఇదేంటమ్మా, సాళ్ళు ఇంత ఇరుగ్గా ఉన్నాయి? ఎర్రది దీంట్లో ఎట్లా తిరుగుతుంది?”

అత్తగారు టీ ఊదుకుంది.

“చెప్పు. తిరుగుతుందా?”

“తిరగదు.”

“చూశావా అమ్మాయ్” అన్నాడు కోడలి వైపు తిరిగి. గొంతులో గెలిచిన సంబరం లేదు. “నువ్వు టేపు పెట్టి చూసినా ఇదే కదా తేలింది? దాచకు, నీ మొహమే చెబుతోంది. అమ్మ అంచనా తప్పుతోంది. ఇవాళ సాళ్ళు తప్పాయి, మొన్న కాలు తప్పింది. నాకేమన్నా తోట మీద పగా? పెళ్ళాంపిల్లల్తో వారం వారం వచ్చి సంచులు నింపుకుపోయేది నేనేగా. ఆ రాట ఇంకో జాన ఇవతలుంటే దెబ్బ మోచేతికి కాదు, తలకి తగిలేది. అప్పుడు ఏ బెండకాయ మొహం చూసి ఏడవమంటావ్?”

ఆమె పోగేసుకొచ్చిన అంకెలన్నీ అవతలి పక్షానికి వెళ్ళిపోయాయి.

“రా, ఎక్కడ పడిందో చూద్దువుగాని” అంటూ అతను కంచె వైపు నడిచాడు.

ఎర్రది వారం క్రితం ఆగిన చోటే, ప్లాస్టిక్కు పట్టా కప్పుకుని ఉంది. కంచె పొడుగునా ఐదడుగుల పట్టీ. అందులో సగం తవ్వి ఉంది. మిగతా సగం తవ్వీ తవ్వనట్టుంది. కోడలు ఇన్నాళ్ళూ అత్తగారి దెబ్బనే చూసింది గానీ ఆ నేల వంక సరిగ్గా చూడనే లేదు. ఇప్పుడు చూసింది. తవ్విన సగంలో మట్టిబెడ్డలు కత్తితో కోసినట్టు పెచ్చులు పెచ్చులుగా లేచి ఉన్నాయి. రెండో సగంలో నేల అసలు తెగలేదు. చెప్పుతో రుద్దినట్టు నున్నగా మెరిసే చారలు మాత్రమే ఉన్నాయి. అదే నేల, అదే యంత్రం, అదే మనిషి.

ఆమె చారల మీద వేలుపెట్టి రాసి చూసింది.

“అత్తయ్యా, ఆ తెగిన సగం ఎప్పుడు తవ్వారు?”

“శుక్రవారం” అంది ఆవిడ. ఆ తర్వాత మాట మార్చబోయింది. “ఎండ ముదురుతోంది, లోపలికి పదండి.”

“ఈ సగం ఆదివారం. ఆ రోజే పడ్డారు.” కోడలు లేచి నిలబడింది. “బావగారూ, శుక్రవారం నేల తెగింది. ఆదివారం అదే యంత్రం నేల మీద జారింది. మధ్యలో శనివారం ఏం జరిగింది?”

“ఏం జరుగుతుంది? నేనొచ్చి సర్వీసు చేశాను. ఆయిలు మార్చి, షాఫ్టు కడిగి, బ్లేళ్ళు విప్పి గ్రీజు...”

మాట అక్కడే ఆగిపోయింది.

అతను పట్టా లాగి పక్కన పడేశాడు. గొంతుక్కూర్చుని, యంత్రం కింద వంకీలు తిరిగి ఉన్న బ్లేళ్ళ మీద బొటనవేలు నడిపించాడు. ప్రతి బ్లేడుకూ ఒక పదునంచు, ఒక మొద్దువీపు. పని చేసిన అంచు వెండిలా మెరవాలి. ఇక్కడ మెరుస్తున్నది వీపు. పదునంచు మీద వారం రోజుల తుప్పు ఎర్రగా పేరుకుంది. చూస్తూ చూస్తూ ఉంటే అతని చెవులు కూడా అదే రంగులోకి తిరిగాయి.

లారీ చక్రాన్ని ఏ పక్కకి బిగించినా అది చక్రమే. టిల్లరు బ్లేళ్ళు అలా కావు. ఎడమ జత ఎడమకే, కుడి జత కుడికే. తారుమారైతే పదును వెనక్కి పోతుంది, వీపు నేలను గుద్దుతుంది. మెత్తటి మడిలో అయితే తెలియదు కూడా. గట్టినేల మీద మాత్రం యంత్రం నేలలోకి దిగదు. బ్లేళ్ళ మీద లేచి పరుగెత్తుతుంది. ఇరవై ఏళ్ళుగా లారీల కింద పడుకుని పని చేసిన చెయ్యి, టిల్లరు పిడి ఏనాడూ పట్టుకోని చెయ్యి, మాత్రమే చేయగల పొరపాటు అది.

“తారుమారు బిగించాను” అన్నాడు. ఎవరికీ కాదు, ఆ యంత్రానికే చెబుతున్నట్టు. “నేనే.”

పక్కింటి పైపులోంచి బకెట్లోకి నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

“చిన్నప్పుడు వీడు చెప్పులు కూడా ఇంతేనమ్మాయ్” అంది అత్తగారు కోడలితో, మామూలు కబుర్లాగా. “ఎడమది కుడికాలికి. బడికి అట్లాగే పోయి సాయంత్రం దాకా అట్లాగే తిరిగేవాడు. అడిగితే, ‘నడుస్తున్నాయిగా’ అనేవాడు.”

“అమ్మా, నీకు తెలుసా?”

“ఏది, చెప్పుల సంగతా?”

“అమ్మా.”

“లేచి మట్టి దులుపుకుంటూ చూశాను. తెలిసింది.”

“మరి వారం నుంచీ కాలు జారిందంటావేం? నేనిక్కడ నిలబడి నీ మీద ఒంటికాలి మీద లేస్తుంటే చెప్పొచ్చుగా, ‘ఒరేయ్, నువ్వు చేసిన పనేరా ఇది’ అని.”

“చెబితే ఏమవుతుంది?” ఆవిడ గ్లాసు కంచె గట్టు మీద పెట్టింది. “రేపు మళ్ళీ షెడ్డుకి పోయి లారీ కింద పడుకుంటావు. స్పానరు పట్టుకోగానే ఇది గుర్తొస్తుంది. బిగించింది సరిగ్గా బిగించానా లేదా అని చెయ్యి తటపటాయిస్తుంది. నీ పనిలో చెయ్యి తటపటాయించకూడదు. నీమీద నమ్మకంతో ఎంతమంది డ్రైవర్లు కొండలెక్కి దిగుతున్నారు. నాదేముంది, మోచేతి మీద ఇంత తోలు. అదే మొలుస్తుంది.”

కోడలు తల తిప్పుకుని పొట్లపాదు వంక చూడటం మొదలుపెట్టింది. కొందరు మంచి చేస్తే పది మందికి తెలిసేలా చేస్తారు. ఈవిడ తన మాట పోయినా, తన తోట పోయే పరిస్థితి వచ్చినా, కొడుకు చేతిలో ధైర్యం పోకూడదని నోరు కుట్టేసుకుంది. వారం రోజులు. అన్నం వడ్డిస్తూ, మామూలుగా నవ్వుతూ. ఇటువంటి మనిషి ఇంట్లో తిరుగుతోందని ఇంతకాలం తనకు తెలిసీ పూర్తిగా తెలియలేదని ఆమెకనిపించింది.

పెద్దకొడుకు మొహం మోచేత్తో తుడుచుకుని, పానాలు తీశాడు. పిన్నులు లాగి బ్లేళ్ళు విప్పాడు. ఈసారి బిగించబోయే ముందు ప్రతిదాన్నీ తల్లికి చూపించాడు.

“పదును ముందు నేలని చూడాలి. అంతే గుర్తు” అంది ఆవిడ.

“ఇటేనా?”

“ఇటే. ఇరవై ఏళ్ళ మేస్త్రీవి, నన్నడుగుతావేం?”

“మేస్త్రీ ఉద్యోగం ఇవాళ్టికి నీదేలే.”

ఎర్రదాని పని అయ్యాక జేబులోంచి ప్లగ్గు తీసి, గుడ్డతో తుడిచి, తల్లి చేతిలో పెట్టబోయాడు. ఆవిడ తీసుకోలేదు.

“దానికి తర్వాత చూద్దాం. ముందు బుడ్డదానికి పెట్టు. కలుపు చూస్తున్నావుగా.”

బుడ్డది వసారా మూలన ఉంది. తెచ్చి ప్లగ్గు బిగిస్తుంటే కోడలు ఒకటి గమనించింది. దానికి ఉండాల్సిన నాలుగు బ్లేళ్ళలో చివరి రెండూ లేవు. కొత్తగా విప్పినవీ కావు. బ్లేళ్ళు తగిలించే షాఫ్టు కొసన దుమ్ము పేరుకుని ఉంది.

“ఆ రెండూ డబ్బాలో ఉన్నాయిలే” అంది అత్తగారు ఆమె చూపు పట్టుకుని. “ప్రస్తుతం వాటితో పని లేదు.”

తాడు మూడోసారి లాగేసరికి బుడ్డది గుర్రుమంది. పెద్దకొడుకు పక్కకి తప్పుకుని, “పట్టుకోమ్మా. మొదటి సాలు నువ్వే వెయ్యాలి” అన్నాడు.

“నడుం పట్టేసింది. అమ్మాయి వేస్తుంది.”

“నేనా?” కోడలు ఒక అడుగు వెనక్కి వేసింది. “నాకెక్కడ వచ్చు అత్తయ్యా? ఒక్క మొక్క తెగినా...”

“ప్లాను గీసేటప్పుడు గీత పక్కకి పోతుందా?”

“అది కాయితం.”

“ఇది నేల. పట్టుకో.”

ఎర్రదానిలా దీన్ని ముందుకు తోలకూడదు. తనవైపు లాక్కుంటూ వెనక్కి నడవాలి. చూసేవాళ్ళకు వింతగా ఉంటుంది గానీ, అందులో గొప్ప తెలివుంది. నడిచినవాళ్ళ అడుగులు నేల మీద పడతాయి, వెంటనే యంత్రం వచ్చి ఆ అడుగుల్ని కూడా తవ్వేస్తుంది. సాలు పూర్తయ్యాక చూస్తే అక్కడ మనిషి నడిచిన జాడే ఉండదు. గుల్లబారిన నేల మాత్రం మిగులుతుంది.

అత్తగారు ఆమెకు ఎదురుగా, యంత్రానికి అవతల, తవ్వని పక్కసాల్లో నిలబడి ఒక్కో అడుగూ తనూ వేస్తూ వచ్చింది.

“గుంజకు. గుంజితే పైపైన గీకుతుంది. కాసేపు వదులు, అదే దిగుతుంది. ఆఁ, దిగిందా? ఇప్పుడు లాగు. మొక్కల్ని చూడకు.”

“చూడకపోతే తెగవా?”

“చూస్తేనే తెగుతాయి. కన్ను ఎటు పోతే చెయ్యి అటే పోతుంది. నన్ను చూడు. నా మొహం బాగుండకపోయినా కాసేపు ఓర్చుకో.”

నవ్వొచ్చి ఆమె భుజాలు సడలాయి. అవి సడలగానే యంత్రం కూడా మాట వినడం మొదలుపెట్టింది. కలుపు వేర్లతో సహా లేచి వెల్లకిలా పడుతోంది. నల్లటి తడిమట్టి వాసన ముక్కుకు తగిలింది. ఐదడుగులు, పదడుగులు. ఎడమ పక్క ముల్లంగి, కుడి పక్క తోటకూర. ఒక్క ఆకు కూడా అదరలేదు. పిడుల మధ్యనుంచి కిందికి చూసింది ఆమె, ఒక్క క్షణం. యంత్రం జానెడు. ఎడమ పక్క బెత్తెడు. కుడి పక్క బెత్తెడు. మొక్కకు ఒక బెత్తెడు.

జాన, మూడు బెత్తెలు. మూర.

చెయ్యి తప్పబోయి నిలదొక్కుకుంది. అంచనా తప్పలేదు. ఇరవై నాలుగు ముప్పై ఆరు అయింది చూపు తగ్గి కాదు. ఈ సాళ్ళు ఎర్రదానికి పెట్టినవే కావు. బుడ్డదాన్ని కొలబద్దగా పెట్టుకుని, దాని చివరి బ్లేళ్ళు ముందే విప్పేసి జానెడుకు కుదించి, జాగ్రత్తగా కొలిచి పెట్టినవి. అదీ పడక ముందు. యాభై నాలుగు అడుగుల్లో ఒక్క సందులో కూడా ఎర్రది మళ్ళీ దిగే వీలు లేకుండా ఆవిడే చేసుకుంది.

ఎందుకు?

సాలు చివరికొచ్చి ఆమె యంత్రం ఆపింది. నూట ఇరవై అడుగుల పొడుగునా ఒకే నల్లటి పట్టీ, స్కేలు పెట్టి గీసినట్టు.

“మా కోడలమ్మ తిన్నగా గీసింది” అంది అత్తగారు. కళ్ళు మెరుస్తున్నాయి. అయిపోయిన సాలుకు గుర్తుగా దాని చివర పాతిన మేకుకు పురికొస కట్టడం ఆవిడ అలవాటు. వంగి కట్టబోయింది. ఎడమచేత్తో కొస చుట్టి, రెండో కొస పళ్ళతో పట్టుకుని లాగింది. కుడిచెయ్యి పనిలోకి రానేలేదు. కొంగు కింద ఉండిపోయింది.

కోడలు చూసింది. రెండు చేతుల మధ్య పట్టుకున్న టీ గ్లాసు గుర్తొచ్చింది. తీసుకోని ప్లగ్గు గుర్తొచ్చింది. తలెత్తేసరికి, అవతల నిలబడ్డ బావగారు కూడా ఆ పళ్ళ మధ్య పురికొసనే చూస్తున్నారు.

“అమ్మా” అన్నాడు పెద్దకొడుకు. “కుడిచెయ్యేదీ?”

“ఎక్కడికి పోతుంది? ఉంది.”

“దెబ్బ తగిలింది ఎడమ మోచేతికి గదా. మరి కుడిచెయ్యి దాస్తావేం?”

సందులో వ్యాను హారను మోగింది. నర్సరీ ఆయన తలుపు నెట్టుకుని లోపలికొచ్చాడు, భుజం మీద లావుపాటి తాడు. అందరికీ కలిపి ఒక నమస్కారం పెట్టి, అత్తగారి వైపు తిరిగాడు.

“ఆలస్యమైందండీ. మీరు నెల కిందటే తీసుకుపొమ్మన్నారు, నాకే వ్యాను కుదరలేదు. ఎర్రదొక్కటేగా? కంచె పక్క పట్టీ మీ చేత్తో చివరిసారి తవ్వి ఇస్తానన్నారు. అయిపోయిందా?”

కోడలికి అప్పుడర్థమైంది. మనిషిని మాట్లాడింది బావగారు కాదు. నెల కిందటే మాట్లాడుకుని, సాళ్ళు మార్చుకుని, తన తర్వాత బుడ్డదాన్ని ఎవరు పట్టుకోవాలో కూడా ఎంచుకుని, ఆవిడ ఎవరికీ చెప్పకుండా తోటను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుస్తోంది.

పెద్దకొడుకు రెండు సాళ్ళు జాగ్రత్తగా దాటుకుంటూ, ఒక్క మొక్క తొక్కకుండా తల్లి దగ్గరికి వచ్చాడు. కొంగు పక్కకి తీసి, ఆ చేతిని తన రెండు గ్రీజు చేతుల్లోకి తీసుకున్నాడు. అరచెయ్యి తెరిచే ఉంది, వేళ్ళలో పట్టు లేదు. చాలాకాలంగా తెరిచే ఉన్నట్టుంది.

వేళ్ళు విప్పమని అతను అడగలేదు.

“అమ్మా” అన్నాడు మెల్లిగా, “గుప్పిట ముయ్యి.”

అత్తగారు కొడుకు మొహంలోకి చూసింది. కోడలి వైపు చూసింది. ఆ తర్వాత తన చేతి వైపు, మాట వింటుందో వినదో తెలియని ఎవరి వైపో చూసినట్టు చూసి, ముయ్యడానికి ప్రయత్నించింది.